వెనకవైపు చదివే మామయ్య

“మీరు ముందు బయటికి నడవండి!”

“నడుస్తాను. నడిచేముందు ఈ డబ్బా వెనకవైపు ఒక్కసారి చదవండి.”

“నేను చదవను.”

“అమ్మేవాడూ చదవడు, కొనేవాడూ చదవడు. మరి ఈ అక్షరాలు ఎవరికోసం అచ్చేసినట్టు?”

“మీలాంటివాళ్ళు చదవకూడదనే అంత చిన్నగా అచ్చేశారు!”

మందుల షాపు ముందు బండి ఆపుతుంటే వినపడ్డ మాటలివి. లోపలికి తొంగి చూడక్కర్లేదు, ఎవరో తెలిసిపోయింది. అయినా చూశాను. కౌంటరుకి ఇవతల మా మామయ్య ఒక కంట్లో భూతద్దం ఇరికించుకుని కాల్షియం మాత్రల డబ్బా పట్టుకుని ఉన్నాడు. అవతల షాపాయన. మధ్యలో ఆ డబ్బా కొనుక్కోడానికొచ్చిన ఒకావిడ, తన వస్తువు ఎప్పుడిస్తారా అని ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

“ఇందులో కాల్షియం ఉంది, డి విటమిన్ ఉంది. మెగ్నీషియం ఏదమ్మా? అది లేకపోతే ఈ డి విటమిన్ మీ ఒంట్లోకొచ్చి ఏం చేస్తుంది?”

“నాకేం తెలుసండీ? మోకాళ్ళు నొప్పి, అంతే తెలుసు.”

“మీరేమన్నా డాక్టరా?” అన్నాడు షాపాయన.

“కాదు.”

“కాంపౌండరా?”

“కాదు.”

“మరి?”

“ముప్ఫై ఒక్క సంవత్సరాలు కోళ్ళ మేత ఫ్యాక్టరీ,” అన్నాడు మామయ్య ఛాతీ విరుచుకుని.

ఆవిడ డబ్బా లాక్కుని వెళ్ళిపోయింది.

మా మామయ్యకి తాగుడు లేదు, పేకాట లేదు, కోపం లేదు. ఉన్నది ఒక్కటే జబ్బు. ఏ వస్తువు కనపడ్డా తిప్పి వెనకవైపు చదువుతాడు. ముందువైపు బొమ్మలూ, నవ్వే పిల్లలూ, పెద్ద పెద్ద అక్షరాలూ ఆయన కంటికి ఆనవు. వెనకవైపు చీమలు బారులు తీరినట్టుండే వరసలే ఆయనకి లోకం. జింకు ఎంత, రాగి ఎంత, మాంగనీసు ఎంత, బోరాన్ అసలుందా లేదా. వీధిలో ఆయన్ని భూతద్దం మాస్టారంటారు. ఆయన ఎవరికీ పాఠం చెప్పలేదు. అంటే, ఎవరూ అడిగి చెప్పించుకోలేదు.

ఈ జబ్బు ఫ్యాక్టరీలో అంటుకుంది. అక్కడ ఆయన పని ఖనిజాలు తూచడం. టన్ను మేతలో ఒక్కోటీ చెంచాడో రెండు చెంచాలో కలపాలి. ఆ చెంచా తప్పితే మాంగనీసు తగ్గి కోడిపిల్లల కాళ్ళు వంకర తిరుగుతాయి, ఇంకోటి తగ్గి గుడ్డు పెంకు కాయితంలా చిరుగుతుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క చెంచా కూడా తప్పలేదని ఆయన గొప్ప. రిటైరయ్యేటప్పటికి కోళ్ళు అక్కడుండిపోయాయి, అలవాటు మాత్రం ఆయనతో వచ్చేసింది. ఇక మిగిలింది మేమే.

“అమ్మాయ్, నీ నడక చూస్తుంటే మా పదిహేడో షెడ్డు కోళ్ళు గుర్తొస్తున్నాయి,” అంటాడు మా అమ్మతో. మా అమ్మ ఆయనకి సొంత చెల్లెలు.

“నన్ను కోడినంటావా అన్నయ్యా?”

“కోడి అయితే ఈపాటికి బాగుచేసేవాణ్ణి. చెప్పిన మాట వినేవి.”

ఒకసారి బస్సులో పక్క సీటాయన బిస్కెట్టు ప్యాకెట్టు విప్పాడు. వెనకవైపు మామయ్య వైపు ఉంది. చదవడం మొదలెట్టాడు. ఆయన తినడానికి ప్యాకెట్టు తిప్పితే మామయ్య మెడ తిప్పాడు. ఆయన అటు జరిగితే మామయ్యా అటు జరిగాడు. ఇంకా రెండు వరసలున్నాయనగా ఆయన దిగిపోయాడు. మామయ్యా దిగాడు. మా ఇంటికి పదింటికి రావాల్సిన మనిషి మధ్యాహ్నం రెండింటికొచ్చాడు. అడిగితే, “వాళ్ళావిడకి రక్తం తక్కువట. అన్నం తినగానే టీ తాగుతోంది. ఇంకెక్కడి ఇనుము? పాపం, నాకూ ఇవ్వబోయింది. మాన్పించి వచ్చాను,” అన్నాడు. ఆ బిస్కెట్టాయన ఇప్పటికీ ఆయనకి స్నేహితుడు. ఆయన ఇంట్లో టీ మాత్రం మామయ్య వెళ్ళిపోయాకే కాస్తారట.

మా ఇంటికి వారానికి రెండుసార్లు వస్తాడు. చెప్పులు విడిచి తిన్నగా వంటింట్లోకి, అల్మరా ముందుకి.

“నన్ను చూడ్డానికొచ్చావా, డబ్బాల్ని చూడ్డానికొచ్చావా?” అంటుంది అమ్మ.

“డబ్బాల్ని. నిన్ను నలభై ఎనిమిదేళ్ళుగా చూస్తున్నా. నీ వెనకవైపు ఏమీ రాసిలేదు.”

విటమిన్ల గురించి ఆయన చెప్పే తీరొకటుంది. నేను కాలేజీలో రెండేళ్ళు కూచుని మధ్యలో లేచొచ్చేసిన వాణ్ణి. అక్కడ విన్నదొక్కటీ గుర్తులేదు, ఈయన చెప్పింది మాత్రం మర్చిపోదామన్నా పోదు.

“ఒరే, డి విటమిన్ పెద్దాఫీసరు. ఆఫీసుకొచ్చినంత మాత్రాన పనవుతుందా? ఫైలు కదలాలంటే మెగ్నీషియం గుమాస్తా ఉండాలి. గుమాస్తా సెలవు పెట్టాడో, ఆఫీసరు కుర్చీలో కూచుని గోళ్ళు గిల్లుకుంటాడు. బయట ఎముకలు క్యూలో నిలబడే ఉంటాయి. ఎ విటమిన్ ఉందనుకో, కాలేయంలో గది తీసుకుని ఉంటుంది. బయటికెళ్ళాలంటే బండి కావాలి. ఆ బండి సరిగ్గా నడవాలంటే జింకు ఉండాలి.”

“అయితే జింకు బాగా తినేస్తే సరి.”

“అదే వద్దు! జింకూ రాగీ తోడికోడళ్ళు. ఒకటే వంటిల్లు. జింకు పెత్తనం ఎక్కువైతే రాగి మూట సర్దుకుని పుట్టింటికి పోతుంది. రాగి పోతే ఎముకలో అల్లిక వదులైపోతుంది. నరాలు మొద్దుబారతాయి. ఆమె మాట్లాడదు గానీ ఇల్లు నడిపేది ఆమేరా.”

నేను కాలేజీ మానేసి వచ్చినరోజు మా ఇంట్లో పెద్ద పంచాయితీ జరిగింది. నాన్న బస్సు డ్రైవరు. వారంలో ఐదు రోజులు ఇంట్లో ఉండడు, ఆ ఐదు రోజుల కోపం కూడా ఆ పూటే చూపించాడు. అమ్మ ఏడ్చింది. పెద్దనాన్న వంశ ప్రతిష్ఠ గురించి మాట్లాడాడు. మామయ్య వంతొచ్చింది. గొంతు సవరించుకుని, “క్యాంటీన్లో ఏం పెట్టేవాళ్ళురా?” అన్నాడు. టీ, బన్ను అన్నాను. “రెండేళ్ళూ?” అన్నాడు. అవునన్నాను. “మరి వాడు పారిపోక ఏం చేస్తాడు బావగారూ?” అని నా పక్కన వచ్చి కూచున్నాడు. ఆ రోజు నా పక్కన కూచున్నది ఆయనొక్కడే.

ఇంకో ముక్క చెప్పి అసలు కథలోకొస్తాను. అమ్మ ఒకసారి మొహానికి రాసుకునే క్రీము తెచ్చుకుంది. దానిమీద జింకు అని చూసి సంబరపడిపోయింది. “అన్నయ్యా, ఇందులో నీ జింకు ఉందట. ఎముకలక్కూడా మంచిదేగా?”

మామయ్య నెత్తి కొట్టుకున్నాడు. “చర్మం మీద పూసింది చర్మం దగ్గరే ఆగుతుందమ్మా. గోడకి సున్నం కొడితే ఇంట్లోవాళ్ళ కడుపు నిండుతుందా?”

ఇక మా పెద్దనాన్న. నాన్నకి అన్నయ్య, పెళ్ళి చేసుకోలేదు. కింద ఆయన టైలరింగు షాపు, పైన మేము, మేడమీద ఆయన గది. ఆయన కుట్టిన కోటు తొడుక్కుంటే గూనివాడు కూడా నిటారుగా నిలబడతాడని పేరు. ఆయనకి రెండు గర్వాలు. ఒకటి ఆ చేతిపని. రెండోది ఆయన పళ్ళు.

అరవై రెండేళ్ళ వయసులో ముప్ఫై రెండు పళ్ళూ ముత్యాల్లా మెరుస్తుంటాయి. కొలతలకొచ్చినవాళ్ళు అడక్కుండా ఉండలేరు. “రహస్యమేంటి మాస్టారూ?” అంటారు. “వంశంలో ఉందండీ,” అని టేపు మెడలో వేసుకుంటూ ఇంకాస్త వెడల్పుగా నవ్వుతాడు. నాకు పిప్పిపన్ను నొప్పొస్తే మూడు రోజులు పాఠం చెప్పాడు. “నన్ను చూసి నేర్చుకోరా. పళ్ళు తోముకోవడం కూడా ఒక చదువే. అదీ మధ్యలో మానేశావు.”

అలాంటి మనిషి కాళ్ళు మొద్దుబారడం మొదలైంది.

మొదట అరికాళ్ళలో చీమలు పాకుతున్నట్టుందన్నాడు. తర్వాత చెప్పు ఊడిపోయినా తెలియట్లేదన్నాడు. తర్వాత మిషను. పాత తొక్కుడు మిషను అది. నలభై ఏళ్ళుగా ఆయన పాదం ఎంత నొక్కితే సూది అంతే నడిచింది. ఇప్పుడు నొక్కుతున్నాడో లేదో పాదానికి తెలియదు. సూది ఉన్నట్టుండి పరిగెత్తేది, ఉన్నట్టుండి ఆగిపోయేది. కాలరు మీద కుట్టు తాగినవాడి నడకలా పోయింది. కొలతలన్నీ సరిగ్గా ఉన్న చొక్కా తిరిగొచ్చింది. ఆయన జీవితంలో తిరిగొచ్చిన మొదటి చొక్కా. దాన్ని విప్పి మళ్ళీ కుట్టాడు. అదీ వంకరే.

డాక్టరు ఫొటోలు తీయించి ఎముకలు గుల్లబారాయన్నాడు. డి విటమిన్ తక్కువుందని మాత్రలిచ్చాడు. నాలుగు నెలలు మింగాడు. డి పెరిగింది, కాళ్ళు మాత్రం ఇంకా మొద్దెక్కాయి. ఒకరోజు మెట్లమీద పడ్డాడు. ఎముక విరగలేదు గానీ మనసు విరిగింది.

“వచ్చే నెల ఒకటో తారీఖున మిషను అమ్మేస్తాను,” అన్నాడు ఆ సాయంత్రం. “షాపు మూసేద్దాం.”

నేను షాపులో చేరి ఎనిమిది నెలలైంది. కాజాలు కుట్టడం, ఇస్త్రీ చెయ్యడం వచ్చింది. చొక్కా కుట్టమంటే రెండు చేతులూ ఒకే వైపు పెట్టాను. షాపు నామీద వదిలితే ఊరంతా అడ్డదిడ్డంగా తిరుగుతుంది. పైగా ఆ మిషను లేని పెద్దనాన్నని ఊహించుకోవడం నావల్ల కాలేదు. తిట్టడానికైనా ఆయన దాని వెనక కూచునే తిడతాడు.

మామయ్య రంగంలోకి దిగాడు. మొదటి అనుమానం సహజంగా గుమాస్తా మీద. “డి ఎక్కినా ఒళ్ళు కదల్లేదంటే మెగ్నీషియం సెలవులో ఉంది!” అని రోజుకి పది బాదం గింజలు తెచ్చి పెద్దనాన్న చేతిలో పోసేవాడు. “నమలండి బావగారూ, బాగా నమలండి.”

“నాజూకైన మనుషులు అందరి ముందూ కరకరలాడించరయ్యా. తర్వాత తింటాను.”

రెండు వారాలకి ఒకాయన కొత్త ప్యాంటు వేసుకుని షాపుకొచ్చాడు. జేబులోంచి గుప్పెడు బాదం గింజలు తీసి కౌంటరు మీద పెట్టాడు. “ఇవి కూడా కుట్టుకూలిలోకే వస్తాయా?” అన్నాడు. నేను పడీపడీ నవ్వాను. పెద్దనాన్న నవ్వలేదు. మామయ్య అసలే నవ్వలేదు. ఆ గింజల్ని ఒక్కొక్కటే భూతద్దం కింద పెట్టి చూశాడు. దేనిమీదా పంటిగాటు లేదు.

ఆ రోజునుంచి మామయ్య డబ్బాలు చదవడం మానేసి పెద్దనాన్న నడక చదవడం మొదలెట్టాడు. ఆయన మెట్లెక్కుతుంటే వెనకాల వంగి మోకాళ్ళమీద వచ్చేవాడు. “ఏమిటయ్యా నీ బాధ?” అంటే, “మా ఫ్యాక్టరీలో గొర్రెల మేత కూడా చేసేవాళ్ళం బావగారూ,” అనేవాడు. “రాగి తగ్గిన తల్లికి పుట్టిన గొర్రెపిల్లలు అచ్చం ఇలాగే వెనక్కాళ్ళు ఊగించుకుంటూ నడిచేవి.”

“మొన్నటిదాకా కోళ్ళు. ఇప్పుడు గొర్రెలయ్యామా?” అని అమ్మ లోపల్నించి అరిచింది.

తర్వాత వారం రోజులు మామయ్య షాపులోనే పడున్నాడు. మిషను నూనె సీసా వెనకవైపు చదివాడు. సుద్దముక్కల డబ్బా చదివాడు. గుండీల అట్ట చదివాడు. ఏడో రోజు పొద్దున చడీచప్పుడు లేకుండా ఎటో వెళ్ళొచ్చాడు. ఆ మర్నాడు డాక్టరు పెద్దనాన్నని పిలిచి రక్తం తీయించమన్నాడు. జింకూ, రాగీ చూడాలన్నాడు.

రిపోర్టు వచ్చిన రోజు నలుగురం వెళ్ళాం. డాక్టరు పెద్దనాన్నని ఒక్కణ్ణే లోపలికి రమ్మన్నాడు. మా అమ్మ కూడా లేచింది. అమ్మ లేచాక నేనూ మామయ్యా ఆగుతామా?

“ఆయనతో కొంచెం విడిగా మాట్లాడాలమ్మా,” అన్నాడు డాక్టరు.

“మాట్లాడండి. నేనేం అడ్డం రాను,” అని అమ్మ కుర్చీ లాక్కుని కూచుంది.

డాక్టరు నిట్టూర్చాడు. “రక్తంలో జింకు చాలా ఎక్కువుంది. అందుకని రాగి బాగా పడిపోయింది. కాళ్ళ మొద్దు దానివల్లే. ఎముకలు గుల్లబారడంలో దానికీ వాటా ఉండొచ్చు. భయం లేదు. రాగికి మందిస్తాను. కానీ ముందు ఆ జింకు ఎక్కడినుంచి వస్తోందో అది ఆపాలి. మీరు రోజూ వాడేది... పేస్టు లాంటిది...”

పెద్దనాన్న మొహం తెల్ల గుడ్డలా అయిపోయింది. చెయ్యి తనంతట తనే నోటిమీదికెళ్ళింది.

“ఏం పేస్టు బావగారూ?” అంది అమ్మ. “మనింట్లో అందరం ఒకటే పేస్టు వాడతాంగా? మాకెవరికీ లేదే! మీరు వేరే ఏం వాడుతున్నారు?”

డాక్టరు బల్లవైపు చూశాడు. నేను పెద్దనాన్న వైపు చూశాను. అంత పెద్దమనిషి కళ్ళలో అలాంటి బెదురు నేనెప్పుడూ చూడలేదు. కుట్టిన కోటు నడిబజార్లో పిగిలిపోతున్న మనిషిలా ఉన్నాడు.

సరిగ్గా అప్పుడు మామయ్య కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

“పేస్టు లాంటిదన్నారంటే ట్యూబే! ఏ ట్యూబైనా కావచ్చు! అమ్మాయ్, ఇంటి తాళం చెవి ఇలా ఇయ్యి! ఆ ఇంట్లో ఉన్న ప్రతి ట్యూబూ ముద్దాయే!”

అంటూ తాళం చెవి లాక్కుని పరుగు. వెనకాల మేము. డాక్టరు వైపు తిరిగి చూస్తే ఆయన నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

ఆ మధ్యాహ్నం మా ఇంట్లో జరిగింది పోలీసు సోదా కూడా కాదు. పోలీసులకి సిగ్గుంటుంది. అమ్మ మొహం క్రీము, నాన్న గడ్డం క్రీము, నా తలకి రాసుకునే జెల్లు, కాలిన గాయాల మందు, నడుంనొప్పి మందు, బూట్ల పాలిషు, సైకిలు పంక్చరు వేసే జిగురు, ఎప్పుడో ఇంటికొచ్చిన చుట్టాలు మర్చిపోయిన ఏదో ట్యూబు, అన్నీ తెచ్చి నట్టింట్లో దుప్పటి మీద పరిచాడు. ముప్ఫై ఏడు తేలాయి. వీధిలోవాళ్ళు గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు. మామయ్య బోర్లా పడుకుని ఒక్కొక్కటే వెనకవైపు చదువుతున్నాడు.

“పంక్చరు జిగురు నేనెందుకు తింటానయ్యా?” అన్నాడు పెద్దనాన్న. గొంతులో కొంచెం ప్రాణం వచ్చింది.

“నిద్రలో తింటారేమో, ఎవరికి తెలుసు?”

గంటసేపయ్యాక మామయ్య ఒక ట్యూబు పైకెత్తి కేకేశాడు. “దొరికింది!”

అందరం వంగి చూశాం. కాళ్ళ పగుళ్ళకి రాసుకునే క్రీము.

“కాళ్ళకి రాసుకుంటే కాళ్ళే మొద్దుబారాయి! ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?”

“అది నాది కదా అన్నయ్యా?” అంది అమ్మ.

పెద్దనాన్న గొంతు సవరించుకున్నాడు. “నేనూ... రాసుకుంటాను. నీకు తెలియకుండా.”

“నా క్రీమా? దొంగతనంగానా?”

“రోజూ. బాగా మందంగా.”

“అందుకేనా నెలకి రెండు ట్యూబులు ఖర్చవుతున్నాయి!” అని అమ్మ నోరు నొక్కుకుంది. గుమ్మంలో ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. పెద్దనాన్న కూడా నవ్వాడు, ముప్ఫై రెండు పళ్ళతో. కేసు మూసేశారు.

మర్నాడు పెద్దనాన్న ఒక్కడే డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాడు. మందు మొదలైంది. ఒకటో తారీఖు వచ్చింది, పోయింది, మిషను అమ్మలేదు. మూడు నెలలకి చీమలు పాకడం తగ్గింది. ఐదు నెలలకి పెడలు మీద కాలు ఆనింది. పూర్తిగా తగ్గలేదు, ఎడమ బొటనవేలు ఇంకా మొద్దుగానే ఉంది. కానీ కాలరు మీద కుట్టు గీత గీసినట్టు పోతోంది.

పరువు పోయింది మామయ్యదే. మందుల షాపాయన డాక్టర్ని అడిగాడు, పగుళ్ళ క్రీముతో అలా అవుతుందా అని. “దానివల్ల కాదు,” అని మాత్రం చెప్పి డాక్టరు ఊరుకున్నాడట. అంతే, వీధంతా పండగ. “ఏం మాస్టారూ, ముప్ఫై ఒక్క ఏళ్ళ అనుభవం పగుళ్ళ క్రీములో కొట్టుకుపోయిందా?” అంటాడు షాపాయన. అందరికంటే ఎక్కువ ఆటపట్టించేది పెద్దనాన్న. కొలతలకొచ్చిన ప్రతివాడికీ చెప్తాడు. “మా బావమరిది ఇల్లంతా వెతికాడండీ. పంక్చరు జిగురు కూడా చదివాడు. అసలుది కనిపెట్టలేకపోయాడు!” మామయ్య అక్కడే స్టూలు మీద కూచుని తల గోక్కుంటాడు. “వయసైపోయింది బావగారూ. అక్షరాలు అలుక్కుపోతున్నాయి,” అంటాడు.

నాకది మింగుడుపడలేదు. చెంచా తప్పని మనిషి ఇంత పెద్ద గరిటె ఎలా తప్పాడు?

పోయిన వారం పెద్దనాన్న కళ్ళు చూపించుకోవాలని బయటికెళ్ళాడు. నల్లదారం బాబిన్ అయిపోయింది. మిషను కింద ఒక రేకు డబ్బా ఉంది. విరిగిన సూదులున్నాయి, చెయ్యి పెట్టకు అని చేరిన రోజే చెప్పాడు. నాకు చెయ్యి పెట్టకంటే పెట్టాలనిపిస్తుంది. పెట్టాను. సూదులు లేవు. ఒక ట్యూబు ఉంది. కట్టుడు పళ్ళు అతికించుకునే పేస్టు.

చూడండి నా ఖర్మ, ముందువైపు చూసి ఊరుకోలేదు. తిప్పి వెనకవైపు చదివాను. జింకు లేదు. కింద డాక్టరు చేతిరాతతో ఒక చీటీ ఉంది. ఇది మాత్రమే వాడండి, పళ్ళ సెట్టు వదులైంది, కొత్తది కొలిపించుకోండి అని, కింద పళ్ళ డాక్టరు చిరునామా. పెద్దనాన్న చూపించుకోడానికెళ్ళింది కళ్ళు కాదన్నమాట. వదులైన సెట్టు నిలబడాలని ఇన్నేళ్ళూ జింకు ఉన్న పాత పేస్టు ట్యూబులకి ట్యూబులు పట్టించాడు. అది లాలాజలంతో కొంచెం కొంచెం కడుపులోకి దిగింది. బాదం గింజలు జేబుల్లోకి ఎందుకెళ్ళాయో అప్పుడు తెలిసింది. డబ్బా ఎలా ఉందో అలాగే పెట్టేశాను. ఆయన చదివేది కొలతల పుస్తకం ఒక్కటే కాబట్టి ఇదంతా ధైర్యంగా రాస్తున్నాను.

తిన్నగా మామయ్య ఇంటికెళ్ళాను. డబ్బాల మీద లేబుళ్ళు ఊడదీసి నోటుపుస్తకంలో అంటిస్తున్నాడు. అదీ వెనకవైపు పైకి వచ్చేట్టు.

“మామయ్యా, గోడకి సున్నం కొడితే కడుపు నిండుతుందా?”

ఆయన చెయ్యి ఆగింది. “ఏ గోడరా?”

“కాళ్ళ పగుళ్ళ గోడ. చర్మం మీద పూసింది చర్మం దగ్గరే ఆగుతుందని అమ్మకి చెప్పింది మీరే. ఆ రేకు డబ్బా సోదాకి వారం ముందే మీరు చూశారు. డాక్టరుకి చెప్పింది మీరే. అవునా కాదా?”

భూతద్దం తీసి తుడుచుకున్నాడు. అప్పటికే శుభ్రంగా ఉంది, మళ్ళీ తుడిచాడు.

“నూనె సీసా కోసం చెయ్యి పెడితే అది తగిలిందిరా. చదవకుండా ఉండలేను కదా.”

“మరి ఆయన చెవిలో ఒక్క మాట చెప్తే పోయేదిగా! ముప్ఫై ఏడు ట్యూబులు, వీధంతా తమాషా... ఇదంతా దేనికి?”

“చెప్పొచ్చు. నాకు తెలుసని తెలిస్తే ఇంక నా ఎదుట నోరారా నవ్వుతాడా? డాక్టరు గదిలో చూశావుగా ఆయన మొహం. ఒక్క క్షణం ఆలస్యమైతే మీ అమ్మ నోరు తెరిపించేది.”

“మీ పేరు పోయిందిగా! అసలుది కనిపెట్టలేకపోయాడని ఊరంతా అంటోంది. ఆయనే అంటున్నాడు.”

“అననీ. ఎంత సంతోషంగా అంటున్నాడో చూశావా?” మామయ్య మొహం విచ్చుకుంది. “ఒరే, ఏ మనిషికైనా పరువనేది టన్ను మేతలో చెంచాడు. చూస్తే ఉందో లేదో కూడా తెలియదు. అది తీసేస్తే మిగతా టన్నూ నిలబడదు. నాకు కాస్త ఎక్కువే ఉంది. సర్దుకుంటాను.”

లేచి చెప్పులేసుకున్నాను. గుమ్మం దాకా వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

“ఒక సాయం చేసిపెట్టరా.”

“చెప్పండి.”

“నిన్న షాపులో మీ పెద్దనాన్న నామీద ఆ జోకేస్తే అందరూ నవ్వారు. నువ్వొక్కడివే మొహం ముడుచుకుని నించున్నావు. ఆయన రెండుసార్లు నీవైపు చూశాడు. రేపు మళ్ళీ వేస్తాడు, ఎటూ వేస్తాడు. అప్పుడు నువ్వు కూడా నవ్వు. అందరికంటే కాస్త గట్టిగా.”